బోదె తగవులు - రాజీ మార్గము

ఉయ్యూరు ప్రాంతపు రైతులకు బోదె తగవు క్రొత్తది కాదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియై కృష్ణనీరు కాలువల కెక్కిన నాటినుండి, నీటితోపాటు వంతుల తగవును చేలకు వచ్చుచునే యున్నది. 1957లో ప్రకాశము బ్యారేజి వచ్చినను గట్టుమీది తగవు మాత్రము పాతదే.

మే మెఱిగిన దొకటి చెప్పెదము. ఎగువ రైతు చెఱకు వేసెను; దిగువ రైతు వరి ఊడ్చెను. ఇద్దఱకును బోదె యొక్కటే. చెఱకు మొదట నీరు నిలువరాదని ఎగువవాడు బోదెకు అడ్డుకట్ట వేసెను. దిగువ చేను నెఱ్ఱెలు వాసెను. దావా పడెను. ఏండ్లు గడచిన పిమ్మట, అడ్డు పెట్టరాదని ఇంజంక్షను వచ్చెను. అయినను నీరు రాలేదు! ఏలయన నాటికి బోదె పూడిపోయినది. పూడిక యెవరు తీయవలెనో ఉత్తర్వులో లేదు. దావాలో అడుగని దానిని న్యాయాధికారి యెట్లు వ్రాయును?

తుదకు ఇద్దఱును లోక్ అదాలతులో ఎదురెదురుగా కూర్చుండి, హద్దున తూము వేయుటకును, వారములో నీటి దినములు పంచుకొనుటకును, తొలకరికి ముందు చెరిసగము ఖర్చుతో పూడిక తీయుటకును ఒప్పుకొనిరి. బోదె వాలు కొలిచి చూపుట మా వంతైనది. ఎగువ రైతు భయము నీటిని గూర్చియే గాని పొరుగువానిపై పగ కాదని ఆ దినముననే తెలిసినది.

లోక్ అదాలతు 1987వ సంవత్సరపు న్యాయ సేవల చట్టము ననుసరించి నడచును. అచ్చటి రాజీ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. కోర్టు రుసుము లేదు. నడచుచున్న దావాలో రాజీ యైనచో కట్టిన రుసుము తిరిగి వచ్చును. దావా వేయకమునుపే అర్జీ యియ్యవచ్చును. మండల న్యాయ సేవా సంఘమునందో, మచిలీపట్టణమునందలి జిల్లా సంస్థయందో విచారింపుడు. 15100 నకు ఫోను చేసినను చెప్పుదురు.

ఒక హెచ్చరిక. ఆ తీర్పుపై అప్పీలు లేదు. కావున సర్వే నంబరు, తూము లోతు, నీటి దినములు కాగితముమీద చదువుకొనక వ్రేలిముద్ర వేయరాదు. ఇష్టము లేనిచో ఒప్పుకొన నక్కఱలేదు. దావా యథాప్రకారము సాగును. ఊరి పెద్దలు కుదిర్చిన రాజీ మంచిదే గాని, ఆ కాగితము దానంతట డిక్రీ కాదు. కొడుకుల కాలమున కాదనవచ్చును. దానిని లోక్ అదాలతులో నమోదు చేయించుట మేలు.

దావా పద్ధతిని మనకు నేర్పిన ఆంగ్లదేశమే నేడీ త్రోవ పట్టినది. అచ్చట 10,000 పౌనులలోపు చిన్న పైకపు దావాలలో, విచారణకు ముందు ఒక గంటసేపు ఖర్చులేని రాజీ సంభాషణకు ఉభయులును ఫోనులో హాజరు కావలెనని 2024 మే 22 నుండి నియమము. రాజీ పడుట మాత్రము వారి యిష్టము.

కొందఱు సభ్యులు బోదె తగవులను మన సంఘమునకే తెచ్చుచున్నారు. సహకార సంఘముల 1964 చట్టము 61వ సెక్షను సంఘ వ్యవహారముల తగవులకే చెల్లును. సంఘపు బాకీ వంటివి రిజిస్ట్రారుకడకు పోవలెను. ఆయన తానే తీర్చును, లేదా మధ్యవర్తి కప్పగించును. ఇద్దఱు సభ్యుల సొంత బోదె అందు చేరదు.

వేసవిలో కాలువలు కట్టినపుడు, ఎండిన బోదెవెంట ఇద్దఱును కలిసి నడచి చూడుడు. వాలు కొలత కావలసినవారు సంఘ కార్యాలయమున పేరు వ్రాయించినచో మట్టపు పనిముట్టుతో మేము వత్తుము.