వెయ్యి వాట్ల పెట్టెకు విలువ కట్టడం ఎలా?

కోయంబత్తూరు నుంచి పొల్లాచి పోయే దారిలో ఉన్న కినత్తుకడవు పేరులోనే బావి ఉంది. తమిళంలో ‘కిణఱు’ అంటే బావి. మన వ్యాకరణంలో నుయ్యి ‘నూతి’ అయినట్లే అక్కడ కిణఱు ‘కిణత్తు’ అవుతుంది. బావులున్న సీమకు విద్యుత్తు రాగానే మోటార్లు వచ్చాయి. భారతదేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరుపొందినది 1937లో కోయంబత్తూరులోనే రూపొందింది. అందుకు కారకులైన వారిలో జి.డి. నాయుడు (1893–1974) ఈ ప్రాంతపు తెలుగు కుటుంబంలో పుట్టినవారు.

పంపుసెట్టు కొనే రైతు మోటారు రంగు చూసి డబ్బు ఇవ్వడు. దాని మీద బిగించిన రేకు చదువుతాడు. ఎన్ని హార్స్‌పవర్లు, ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, ఎడతెగకుండా నడుస్తుందా అని చూస్తాడు. అదే ఇంటి పిల్లలు కంప్యూటరు కొనేటప్పుడు మాత్రం డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న ‘1000 వాట్లు’ చూసి తృప్తిపడుతున్నారు. విద్యుత్ పెట్టె నాసిరకమైతే చెడినప్పుడు తానొక్కటే పోదు, మదర్‌బోర్డునూ డిస్కునూ వెంట తీసుకుపోవచ్చు. డిస్కులో ఏడాదిపాటు రాసిన పరిశోధన వ్యాసం ఉంటే ఆ నష్టానికి వారంటీ లేదు. కనుక ఈ పెట్టెను ఎలా పరిశీలించాలో ఇక్కడ వివరించదలచాము.

పెట్టె చేసే పని

గోడ ప్లగ్గు నుంచి వచ్చే 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తును కంప్యూటరు భాగాలు నేరుగా వాడుకోలేవు. వాటికి 12, 5, 3.3 వోల్టుల ఏకముఖ విద్యుత్తు కావాలి. ఈ మార్పు చేసే పెట్టెనే అంగళ్ళలో ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. నేటి కంప్యూటర్లలో ఎక్కువ విద్యుత్తు తీసుకొనే ప్రాసెసరు, గ్రాఫిక్స్ కార్డు రెండూ ముఖ్యంగా 12 వోల్టుల తీగల మీదే ఆధారపడతాయి.

ఇక్కడ రెండు మాటలు వేరుచేసి గుర్తుంచుకోవాలి. వాట్లలో కొలిచేదానిని పాఠ్యపుస్తకాల తెలుగులో ‘సామర్థ్యం’ అంటారు. తీసుకొన్న విద్యుత్తులో ఎంత భాగాన్ని పనికివచ్చే రూపంలో ఇచ్చిందో చెప్పేది ‘దక్షత’. మోటారు రేకు మీది హార్స్‌పవరు మోటారు ఇచ్చేది. మీటరు నుంచి తీసుకొనేది అంతకన్నా ఎక్కువ. కంప్యూటరు పెట్టె విషయమూ అంతే. 1000 వాట్ల పెట్టె 90 శాతం దక్షతతో పూర్తి భారం మోస్తున్నప్పుడు గోడ నుంచి సుమారు 1111 వాట్లు తీసుకొంటుంది. మిగిలిన 111 వాట్లు వేడిగా మారతాయి.

ముందు అవసరం లెక్క

పెట్టెను పరీక్షించడానికి ముందు మన అవసరాన్ని పరీక్షించుకోవాలి. 2022లో వచ్చిన ఎన్‌విడియా ఆర్.టి.ఎక్స్. 4090 కార్డు 450 వాట్ల దాకా తీసుకొంటుంది. అదే ఏడాది వచ్చిన ఇంటెల్ కోర్ ఐ9-13900కె ప్రాసెసరు గరిష్ఠంగా 253 వాట్లు కోరుతుంది. తక్కిన భాగాలకు 80 వాట్లు వేసుకొంటే మొత్తం 783. ఇటువంటి యంత్రానికి 1000 వాట్ల పెట్టె సమంజసమే.

వ్యాసాలు రాసుకోవడానికీ, ప్రోగ్రాములు నేర్చుకోవడానికీ వాడే మామూలు కంప్యూటరులో వేరే గ్రాఫిక్స్ కార్డు ఉండదు. అది 150 వాట్లు దాటడం అరుదు. దానికి 450 వాట్ల మంచి పెట్టె చాలును. పెద్ద పెట్టె పెడితే అది ఎప్పుడూ తన సామర్థ్యంలో పదోవంతు దగ్గరే నడుస్తుంది. అంత తక్కువ భారం దగ్గర సాధారణంగా దక్షత కూడా తగ్గుతుంది. ఆ డబ్బు మెమొరీకో, యు.పి.ఎస్.కో పెట్టడం మేలు.

రేకు మీది అంకెలు

పెట్టె పక్కన అంటించిన చీటీలో ప్రతి వోల్టేజికీ ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 12 వోల్టుల గడిలో ఉన్న ఆంపియర్లను పన్నెండుతో హెచ్చించాలి. 83 ఆంపియర్లు ఉంటే 996 వాట్లు, అంటే మాట నిజమే. డబ్బా మీద 1000 అని ఉండి, ఆ గడిలో 36 మాత్రమే ఉంటే వచ్చేది 432 వాట్లు. మిగతా అంకెను కంప్యూటరు అంతగా వాడుకోని 5, 3.3 వోల్టుల తీగల మీద చూపించారన్నమాట. 12 వోల్టుల తీగలు రెండు మూడుగా చూపినప్పుడు వాటిని విడివిడిగా కూడరాదు. ‘మొత్తం’ అని వేరుగా ఇచ్చిన గరిష్ఠాన్ని తీసుకోవాలి.

ఆ సామర్థ్యం ఎడతెగకుండా ఇచ్చేదా, క్షణకాలం ఇచ్చేదా అన్నది రెండో ప్రశ్న. ఎంత వేడిలో ఇచ్చేది అన్నది మూడో ప్రశ్న. మంచి తయారీదారులు 40 లేదా 50 డిగ్రీల వద్ద ఎడతెగని సామర్థ్యాన్ని ప్రకటిస్తారు. వేసవిలో రేకుల కప్పు కింద ఉన్న గదిలో, మూసిన క్యాబినెట్ లోపల 40 డిగ్రీలు దాటడం వింత కాదు. లోపలి కెపాసిటర్ల ఆయువు కూడా వేడితో ముడిపడి ఉంది. ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ అది ఇంచుమించు సగమవుతుంది. 85 డిగ్రీలకు బదులు 105 డిగ్రీల కెపాసిటర్లు వాడారా అని చూడమనేది ఇందుకే.

బంగారు ముద్ర చెప్పేది, చెప్పనిది

2004లో మొదలైన ‘80 ప్లస్’ పథకం దక్షతను బట్టి కంచు, వెండి, బంగారం, ప్లాటినం, టైటానియం ముద్రలు ఇస్తుంది. దీనివల్ల మేలుంది. 500 వాట్ల భారాన్ని రోజుకు 5 గంటల చొప్పున ఏడాది మోసినప్పుడు, 85 శాతం పెట్టెకూ 92 శాతం పెట్టెకూ తేడా సుమారు 80 యూనిట్లు. మీ యూనిట్ ధరతో హెచ్చించి చూసుకోండి.

ఐతే ఈ పరీక్ష సుమారు 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. వోల్టేజి ఎంత నిలకడగా ఉంది, దానిలో ఎంత అల ఉంది, ప్రమాదం వచ్చినప్పుడు పెట్టె తనంత తాను ఆగుతుందా అన్నవి ఆ ముద్ర చెప్పదు. ఏ.టి.ఎక్స్. 3.0కు ముందటి ప్రమాణం ప్రకారం 12 వోల్టుల తీగ 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి; దానిపై అల 120 మిల్లీవోల్టులు మించరాదు. కొత్త గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో వెయ్యోవంతుకన్నా తక్కువ కాలం ఎక్కువ విద్యుత్తు గుంజుతాయి. అందుకే 2022 నాటి ఏ.టి.ఎక్స్. 3.0 మార్గదర్శకం, పదహారు కాళ్ళ కనెక్టరు ఉన్న 450 వాట్లకు పైబడిన పెట్టెలు రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్లు ఓర్చుకోవాలని నిర్దేశించింది. ఆ కనెక్టరును పూర్తిగా లోపలికి దిగేట్లు నొక్కాలి. వదులుగా ఉంటే వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

గోడ వైపు చూడడం

పెట్టె మంచిదైనా ప్లగ్గు సరిపోవాలి. పైన చెప్పిన 1111 వాట్లకు 230 వోల్టుల దగ్గర 4.8 ఆంపియర్లు చాలు. ఊళ్ళోని పంపుసెట్లన్నీ తిరిగే వేళ వోల్టేజి 180కి పడిపోతే, అదే పనికి 6.2 ఆంపియర్లు కావాలి. మోటారు లాగే ఈ పెట్టె కూడా వోల్టేజి తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు 6 ఆంపియర్ల మామూలు ప్లగ్గు హద్దు దాటుతుంది; మానిటరు లెక్క ఇంకా వేరు. ఇంతటి యంత్రానికి 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు అవసరం. ‘600 వి.ఏ.’ అని రాసి ఉండే చిన్న యు.పి.ఎస్. సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. దానిని ఇటువంటి కంప్యూటరుకు పెడితే కరెంటు పోయినప్పుడు అదీ ఆగిపోతుంది.

కొన్న తరువాత

కొన్నాక మొదటి వారంలోనే బరువైన పని పెట్టి గంటసేపు నడిపి చూడాలి. కంప్యూటరు తనంత తాను ఆగినా, కాలిన వాసన వచ్చినా పెట్టెను తిరిగి ఇచ్చివేయాలి. మరో కంపెనీ పెట్టె తీగలను దీనికి తగిలించరాదు. ప్లగ్గు ఒకేలా కనిపించినా లోపలి అమరిక వేరుగా ఉండవచ్చు. పెట్టెను ఎట్టి పరిస్థితులలోనూ విప్పరాదు. లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టులకు పైగా, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది.

అల కొలిచే పరికరాలు మన వంటి కొనుగోలుదారుల వద్ద ఉండవు. కనుక పరికరాలతో భారం పెట్టి పరీక్షించినవారి నివేదికలు చదివి, ఏడు లేదా పదేళ్ళ వారంటీ ఉన్నదానిని ఎంచుకోవడం మంచిది. అంగడిలో మాత్రం మూడు ప్రశ్నలు అడగండి: 12 వోల్టుల దగ్గర మొత్తం ఎన్ని ఆంపియర్లు? ఎన్ని డిగ్రీల వేడిలో? ఎడతెగకుండానా? చీటీ చూపించి జవాబు చెప్పగలిగిన అంగడిలో కొనండి.