చూపుటకు ముందు దాఖలు

మా మేనత్తగారి కోడలు కొల్లేటి లంక గ్రామమొకదానిలో కాపురమున్నది. నీటిని కప్పివేయు గుర్రపుడెక్క కాడలను కోసి, యెండబెట్టి, బుట్టలల్లుట యామె జీవనము. కాడలను చదునుచేయుటలో వ్రేళ్లు పగులుచుండగా, రెండు కొయ్యరోలర్లును పిడియు గల చిన్న యంత్రమును తానే కల్పించుకొన్నది. ఏలూరిలో నొక ప్రదర్శనమున దాని నందఱికిని సంతోషముతో చూపినది. ఆఱు నెలలు తిరుగకమున్నే అట్టిదానినే మఱియొకరు చేసి యమ్మసాగిరి. “వదినా, కన్నబిడ్డ నెవరో యెత్తుకొనిపోయినట్లున్నది” అని యామె కన్నీరు పెట్టుకొన్నది. పేటెంటు కోరబోవునప్పటికి కాలము మించినది.

సోదరీమణులారా! ఇట్టి నష్టము మీకు కలుగకుండుటకే యీ నాలుగు మాటలు. 1970 నాటి పేటెంట్ల చట్టము ననుసరించి, కొత్తదియు, నిపుణులకు సైతము సులభముగా తోచనిదియు, పరిశ్రమ కుపయోగించునదియు నైన కల్పనకు దరఖాస్తు దినము మొదలు 20 సంవత్సరములు హక్కు లభించును. దరఖాస్తునకు ముందే పదిమందికి వెల్లడియైనది సామాన్యముగా కొత్తదనిపించుకొనదు. తరతరములుగా నెఱిగిన విద్యకును పేటెంటు లేదు. మన యావకాయ పాళ్లకు హక్కెవరికిని రాదు.

తెలిసికొనుటకు పట్టణములు తిరుగనక్కఱలేదు. సెల్‌ఫోనులోనే ‘ఐపీ ఇండియా’ వెబ్‌సైటు తెఱచి, మీ యుక్తి యిదివఱకే యున్నదేమో రుసుము లేకయే వెదకవచ్చును. లేదని తోచినచో, యంత్రము పూర్తిగా కుదురకున్నను తాత్కాలిక వివరణముతో నచ్చటనే దరఖాస్తు చేయవచ్చును. ఆన్‌లైనున వ్యక్తులకును స్టార్టప్పులకును దరఖాస్తు రుసుము 1,600 రూపాయలు. 12 నెలలలో సంపూర్ణ వివరణము నీయనిచో దానిని విడిచినట్లే. పరీక్షను వేఱుగా కోరవలెను. స్త్రీలకు త్వరితపరీక్ష కోరు సౌకర్యము 2019 నుండి కలదు. మన ప్రాంతపు దరఖాస్తులు చెన్నై కార్యాలయమునకు చేరును.

చదువు చాలదని జంకవలదు. ఆలేరు నేతకారుడు చింతకింది మల్లేశము బడిచదువు మధ్యనే మానినవాడు. ఆసుపోయుటలో తల్లి లక్ష్మి పడు భుజబాధ చూడలేక, యేండ్ల తరబడి శ్రమించి 1999లో యంత్రమును సాధించి, దానికి తల్లి పేరే పెట్టెను. పేటెంటును, 2017లో పద్మశ్రీయు నాయనకు లభించినవి. ఇట్టి సామాన్యుల కల్పనలకు నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషను పేటెంటు విషయమున తోడ్పడుచున్నది. తాడేపల్లిగూడెమున 2015లో వెలసిన ఎన్.ఐ.టి. వంటి విద్యాలయముల పెద్దలను సలహా యడుగవచ్చును. కాని దాఖలుకు ముందైనచో, రహస్యము కాపాడుదుమని వ్రాతమూలకముగా పుచ్చుకొనుట మేలు.

ఇక ధనము మాట. 2016లో ఆరంభమైన ‘స్టార్టప్ ఇండియా’ వెబ్‌సైటున కొత్త సంస్థల కాశ్రయమిచ్చు కేంద్రముల వివరము లుండును. ‘జన సమర్థ’ వెబ్‌సైటున మీకు తగిన ప్రభుత్వ ఋణపథకము లేవో చూచుకొనవచ్చును. 2015 నాటి ముద్రా పథకమున చిన్న వ్యాపారములకు తాకట్టు లేని ఋణము దొరకును. దీనికి దళారు లెవరును లేరు. రుసుము చెల్లించిన ఋణ మిప్పింతునను వానిని గుమ్మము త్రొక్కనీయకుడు. ఋణ మెంత సులభముగా వచ్చినను తీర్చవలసినదే గదా. అమ్మకము చూచుకొనియే అడుగుట గృహిణి లక్షణము.

మొన్న మా వదిన మఱల వచ్చినది. యంత్రమునకు కొత్త యేర్పాటొకటి కల్పించినదట. చూపుమంటిని. “దరఖాస్తు సంఖ్య వచ్చిన పిమ్మట, వదినా” అని నవ్వినది. నాకు కోపము రాలేదు.