మధురవాణి ఎరిగిన విద్య

గిరీశం కథ విజయనగరంలో బొంకుల దిబ్బ మీద మొదలై, విశాఖపట్టణంలో సౌజన్యారావు పంతులు ఇంట ముగుస్తుంది. 1897లో తొలిసారి అచ్చయి, 1909లో పెరిగి రూపు మార్చుకున్న "కన్యాశుల్కం" నాటకాన్ని సంఘ సంస్కరణ దృష్టితో చదవడం వాడుక. తనను తప్ప మరొకరిని ప్రేమించలేని మనిషితో వేగడం ఎట్లా అన్న ప్రశ్నకు కూడా గురజాడ అప్పారావుగారు అందులో సమాధానం ఉంచారన్న సంగతి అంతగా ఎవరి దృష్టికీ రాదు.

గిరీశానికి సొమ్ముకంటె ముందు కావలసినది శ్రోత. వెంకటేశం ఆ లోటు తీర్చాడు. సంతసామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ వద్ద డబ్బు తీసుకుని మధురవాణికి వెచ్చించిన ఘనుడు, తన పాండిత్యాన్ని తానే చూసి మురిసిపోతుంటాడు. ముక్కోపి అయిన అగ్నిహోత్రావధాన్లు సైతం, కోర్టు వ్యవహారాలలో అక్కరకు వస్తాడన్న ఆశతో అతడికి ఇంట చోటిచ్చాడు. ఇటువంటివారు గోడ దూకి రారు. ఇంటివారి అవసరమే తలుపు తీస్తుంది.

మోసపోనిది మధురవాణి. ఆమె గిరీశాన్ని సంస్కరించబూనదు, అతడితో వాదించి గెలవాలనీ చూడదు. నవ్వుతూనే దూరం పెడుతుంది. విశాఖ చేరాక సౌజన్యారావు పంతులుకు ఉన్నదున్నట్టు తెలియజేస్తుంది. గిరీశం ఓడినది తర్కంలో కాదు. తనను యోగ్యుడని నమ్మిన పెద్దమనిషికి నిజం తెలియడంతో ఓడాడు.

విశాఖలో న్యాయవాదిగా ఉన్న రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922-1993) ఇదే సమస్యను ఆవలి ఒడ్డు నుంచి చూశారు. "అల్పజీవి" నవలలోని సుబ్బయ్య పిరికి గుమాస్తా. బావమరిది వెంకట్రావు మాట కాదనలేక, అతడి కోసం కంట్రాక్టరు గవరయ్య దగ్గర అప్పు తెస్తాడు. సొమ్ము ఒకరిది, అనుభవించేది మరొకరు, నిద్ర లేనిది మాత్రం సుబ్బయ్యకు! తెలుగు కుటుంబాలలో హామీ సంతకాలు నేటికీ ఇట్లాగే పడుతున్నవి.

నీటిలో తన ప్రతిబింబాన్నే మోహించిన గ్రీకు పురాణపు నార్సిసస్ పేరిట ఈ స్వభావాన్ని గురించి ఫ్రాయిడ్ 1914లో వ్యాసం వ్రాశాడు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం దీని తీవ్రరూపాన్ని వ్యక్తిత్వ రుగ్మతలలో చేర్చింది. అయితే అది వైద్యుడు పరీక్షించి పెట్టవలసిన పేరు. అత్తగారి మీదనో ఆడబిడ్డ మీదనో విసరవలసిన రాయి కాదు. ఈ మధ్య ఆ రాయి మరీ చౌకగా దొరుకుతున్నది.

1933లో ఓడరేవు తెరచుకున్నది. 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనది. వీటి చుట్టూ అల్లుకున్న నగరంలో మూడు షిఫ్టుల కాపురాలకు కొదవ లేదు. రాత్రంతా కొలిమి దగ్గర నిలిచి వచ్చినవాడు పగలు గిన్నె చప్పుడుకే కసురుకోవచ్చు. నిద్ర లేచాక నొచ్చుకుంటాడు, పిల్లవాడిని దగ్గరకు తీసుకుంటాడు. రెండవ రకంవాడు అట్లా కాదు. ఇల్లాలు కన్నీరు పెట్టుకుంటే, ఆ కన్నీటివల్ల తన పరువు పోయిందని మరల కోపగిస్తాడు. ఆడవారిలోనూ ఈ రకం లేకపోలేదు. అలసటను అహంకారమని భ్రమించినా, అహంకారాన్ని అలసటగా సమర్థించినా నష్టమే.

అటువంటివారికి సంజాయిషీలు ఇవ్వడం వృథా. కారణం చెబితే కారణాన్ని ఖండిస్తారు. "ఈ నెల కుదరదు, బావా" అని ఊరుకున్న మనిషి, పది కారణాలు చెప్పిన మనిషికంటె తక్కువ నలుగుతాడు. మరొక జాగ్రత్త ఉన్నది. మనిషిని పుట్టింటికీ స్నేహితులకూ దూరం చేయడం వీరు మొదట చేసే పని. కనుక జరిగినది జరిగినట్టు వినే అక్కగారో పినతండ్రిగారో ఒకరు ఉండడం, పేరున ఒక బ్యాంకు ఖాతా, కాగితాల నకళ్లు వేరే చోట ఉండడం అవసరం.

2006 అక్టోబరు 26న అమలులోకి వచ్చిన గృహహింస నిరోధక చట్టం స్త్రీల విషయంలో దెబ్బలను మాత్రమే హింసగా ఎంచదు. అవమానపు మాటలు, ఖర్చులకు సొమ్ము ఆపివేయడం, స్త్రీధనాన్ని అన్యాక్రాంతం చేయడం కూడా అందులో చేరినవి. రక్షణాధికారికి ఫిర్యాదు చేయవచ్చు. ఉన్న ఇంటిలోనే నివసించడానికి మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆస్తి వ్రాయించుకుని ముఖం చాటేసే బిడ్డల సంగతి 2007 నాటి వయోవృద్ధుల చట్టం చూస్తుంది. పోషణ షరతు దానపత్రంలోనే వ్రాయించుకున్న తల్లిదండ్రులకు ఆ దానాన్ని రద్దు చేయించడం సులువు. బిడ్డ ఎదుట ఆ షరతు ఎత్తడానికి నోరు రాకపోవడమే అసలు చిక్కు.

2022 అక్టోబరులో ఆరంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద తెలుగులోనే మాట్లాడవచ్చు. తమకు జబ్బు ఉన్నదని ఒప్పుకుని వైద్యుని వద్దకు వెళ్లే అహంకారులు అరుదు. వారు కదిలేవరకు ఇంటివారు కాచుకొని ఉండనక్కర లేదు. తమ బాధ చెప్పుకోవడానికే ఫోను చేయవచ్చు.