మట్టికీ ఆకలేస్తుంది... పిల్లలకి చూపించండి!

“మట్టిలో ఆడకురా, చేతులు పాడైపోతాయ్!” ఈ మాట వినపడని ఇల్లుంటుందా? పరీక్షలో ‘వానపాము రైతు నేస్తం’ అని చక్కగా రాసే పిల్లలే పెరట్లో నిజం వానపాము కనిపిస్తే కెవ్వుమంటారు. తప్పు వాళ్లది కాదు. మట్టంటే మురికి అని మనమే నేర్పాం. అందులో ప్రాణం ఉందనీ, దానికీ తిండి పెట్టాలనీ చెప్పలేదు.

ఇదేదో పట్నం పిల్లల సంగతే అనుకోకండి. ఊళ్లో రైతు బిడ్డలకీ ఇప్పుడు ఎరువంటే దుకాణం నుంచి వచ్చే బస్తానే. ఒకప్పుడు ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది. పేడ, చెత్త, బూడిద అన్నీ అందులోకే. వేసవిలో బండ్లకెత్తి పొలానికి తోలేవారు. ఇళ్లల్లో పశువులు తగ్గాక ఆ కుప్పా పోయింది, దాన్ని చూసి పిల్లలు నేర్చుకునేదీ పోయింది.

ఫలితం భూసార పరీక్ష కార్డులో కనిపిస్తుంది. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువుంటే ఆ నేలని ‘తక్కువ’ కింద రాస్తారు. అంటే కిలో మట్టిలో 5 గ్రాములు కూడా లేదన్నమాట. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. దాంతో మొక్క ఏపుగా ఎదుగుతుంది, నిజమే. కానీ నేలలో తగ్గిన కర్బనాన్ని ఆ బస్తా పూడ్చలేదు. ఆకూ అలమూ, పేడా, వేళ్లూ కుళ్లి మట్టిలో కలవాల్సిందే.

ఇదంతా ఆరేడేళ్ల పిల్లలకి ఎలా చెప్పాలి? చెప్పక్కర్లేదు, చూపిస్తే చాలు.

గుడ్డముక్కని ఎవరు తిన్నారు?

పాత నూలు బనీను నుంచి జానెడు ముక్కలు రెండు కత్తిరించండి. పాలిస్టర్ కలిసింది పనికిరాదు. ఒకటి ఆకులు రాలి చెమ్మగా ఉండే చెట్టు కింద, ఇంకోటి ఎండకి గట్టిపడిపోయిన ఖాళీ జాగాలో ఆరంగుళాల లోతున పాతిపెట్టించండి. గుర్తుకి పుల్ల గుచ్చాలి. రెండు నెలలాగి తవ్వి చూడండి. సారమున్న చోట గుడ్డ చిల్లులు పడి, చాలావరకు మాయమై ఉంటుంది. రెండో చోట అంతగా చివికి ఉండదు. “దీన్నెవరు తిన్నారు?” అని పిల్లలే అడుగుతారు. కంటికి కనిపించని సూక్ష్మజీవుల గురించి అప్పుడు చెప్పండి. ఇక మర్చిపోరు.

కుండలో ఎరువు

అడుగున చిల్లులున్న కుండో, పాత బకెట్టో చాలు. రెండు పాళ్లు ఎండాకులు, ఒక పాలు కూరగాయల తొక్కలు, మధ్యమధ్యలో గుప్పెడు మట్టి. నీళ్లు పిండేసిన గుడ్డకి ఎంత చెమ్మ ఉంటుందో అంతే ఉండాలి. వారానికోసారి కలపాలి. నూనె కూరలు, మాంసం, పెరుగన్నం వెయ్యొద్దు.

ఈ కుండకి పిల్లలే డాక్టర్లు. కంపు కొడుతోందా? తడి ఎక్కువైంది, ఎండాకులు వెయ్యాలి. ఎన్నాళ్లకీ కుళ్లడం లేదా? కాసిని నీళ్లు చిలకరించాలి. సుమారు మూడు నెలలకి నల్లగా, పొడిపొడిగా, తొలకరి వాసనేసే ఎరువు చేతికొస్తుంది.

వేళ్లకి గులాబీ బుడిపెలు

వంటింట్లోని పెసలో అలసందలో నాటించండి. కుండీలో ఉన్నది కొన్న మట్టయితే, పప్పు పంటలు పండే చేని మట్టి ఓ గుప్పెడు కలపండి. వేళ్లలో చేరే మేలుచేసే బ్యాక్టీరియా దాంతో వస్తుంది. 35, 40 రోజులకి ఒక మొక్కని జాగ్రత్తగా తవ్వి తీసి, వేళ్లు కడిగి చూపించండి. చిన్నచిన్న బుడిపెలుంటాయి. గోటితో చీలిస్తే లోపల గులాబీ రంగు! గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందించే పని అక్కడ జరుగుతోందని గుర్తు.

మిగతా మొక్కల్ని పూతకొచ్చాక తుంచి అదే మట్టిలో కలిపించండి. మన రైతులు జనుము, జీలుగ, పిల్లిపెసర వేసి పూతలో కలియదున్నేది ఇందుకే. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగులో వానలకి ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. నేల ఉత్తగా ఎండకి మాడకూడదన్నదే వాళ్ల ఆలోచన.

ఈ జాగ్రత్తలు మరవద్దు

మట్టిలో దిగితే కాళ్లకి చెప్పులుండాలి. చేతికి గాయముంటే ఆ రోజు సెలవు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గోళ్లలో మట్టి ఉండకూడదు. ధనుర్వాతం టీకాలు సరిగా పడ్డాయో లేదో ఓసారి చూసుకోండి. పచ్చి పేడ పని పెద్దవాళ్లే చూసుకోవాలి.

ఇంకో మాట. తొందరపడి పనంతా మీరే చేసెయ్యకండి. మొదటి కుండ కంపు కొట్టొచ్చు, పురుగులు పట్టొచ్చు. పారబొయ్యకుండా ఏం ఎక్కువైందో, ఏం తక్కువైందో వాళ్లనే చెప్పనివ్వండి. రెండో కుండ వాళ్లే సరిగ్గా చేస్తారు.

రెండు మూడు సెంటీమీటర్ల పైమట్టి సహజంగా తయారవడానికి వెయ్యేళ్ల దాకా పట్టొచ్చు. గట్టి వానలకి కొట్టుకుపోవడానికి మాత్రం అంతకాలం అక్కర్లేదు. చేతులారా గుప్పెడు ఎరువు చేసి చూసిన పిల్లలకి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. రేపు వాళ్లు వ్యవసాయం చేసినా, ఉద్యోగం చేసినా సరే, ఎండాకుల కుప్ప కనిపిస్తే అగ్గిపుల్ల మాత్రం గీయరు.