మరుగునపడిన బ్లూస్, జాజ్ కళాకారుల అన్వేషణ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1920, 1930 దశకాలలో గ్రామఫోను రికార్డులిచ్చి, ఆ తరువాత ప్రజల స్మృతి నుండి తొలగిపోయిన ఆఫ్రికన్ అమెరికన్ సంగీత కళాకారులను, వారి రికార్డులను వెదకి వెలుగులోకి తెచ్చిన కృషి ఇరవయ్యవ శతాబ్దపు సంగీత చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. 1930ల చివర జాజ్ కళాకారులతో మొదలైన ఈ అన్వేషణ 1963, 1964 సంవత్సరాలలో బ్లూస్ గాయకుల విషయంలో పరాకాష్ఠకు చేరింది. దీని ఫలితంగా మిసిసిపీ జాన్ హర్ట్, సన్ హౌస్, స్కిప్ జేమ్స్ వంటివారు వృద్ధాప్యంలో తిరిగి వేదికనెక్కారు. మరికొందరు తమ పాటలకు విలువ పెరుగుతుందని తెలియకుండానే మరణించారు.

నేపథ్యం

బ్లూస్ అమెరికా దక్షిణ రాష్ట్రాలలో పుట్టిన సంగీతం. 1865లో బానిసత్వం రద్దయిన తరువాత కూడా పత్తి చేలలో కష్టజీవనం సాగించిన నల్లజాతి ప్రజల పని పాటల నుండి, ప్రార్థన గీతాల నుండి ఇది రూపుదిద్దుకొంది. బ్లూస్ చరణంలో సాధారణంగా మూడు పాదాలుంటాయి. మొదటి పాదమే రెండవసారి వస్తుంది, మూడవ పాదం దానికి సమాధానంగానో ముగింపుగానో నిలుస్తుంది. జాజ్ ఇరవయ్యవ శతాబ్దపు తొలినాళ్ళలో న్యూ ఆర్లియన్స్ నగరంలో వికసించింది. కర్ణాటక సంగీతంలోని మనోధర్మం వలె, అప్పటికప్పుడు కల్పించి వాయించడం దీని ప్రధాన లక్షణం.

1920 ఆగస్టు 10న మేమీ స్మిత్ ఓకే కంపెనీకి పాడిన "క్రేజీ బ్లూస్" విశేషంగా అమ్ముడుపోయింది. నల్లజాతి ప్రజలు కూడా రికార్డులు కొంటారని దీనితో కంపెనీలు గ్రహించాయి. వారికోసం ప్రత్యేకంగా విడుదల చేసిన రికార్డులను "రేస్ రికార్డులు" అని పిలిచేవారు. గాయకునికి సాధారణంగా ఒక్కొక్క పాటకు ఇంత అని ఒకేసారి సొమ్ము చెల్లించేవారు. తరువాత ఎన్ని ప్రతులు అమ్ముడైనా అతనికి వాటా దక్కడం అరుదు.

ఈ రంగంలో పేరుపొందిన పారమౌంట్ రికార్డు కంపెనీ నిజానికి విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఒక కుర్చీల కర్మాగారానికి అనుబంధ సంస్థ. గ్రామఫోను పెట్టెలు తయారుచేసే ఆ కర్మాగారం, వాటికి తోడుగా రికార్డుల వ్యాపారంలోనికి దిగింది. మిసిసిపీ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో దుకాణం నడిపిన హెచ్. సి. స్పియర్ అనే వ్యాపారి గాయకులను పరీక్షించి ఇటువంటి కంపెనీల వద్దకు పంపేవాడు. చార్లీ పాటన్, స్కిప్ జేమ్స్ ఆయన ద్వారా రికార్డింగుకు వెళ్ళినవారే.

రికార్డులు ఎందుకు మాయమయ్యాయి

ఆనాటి రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరిగేవి. పది అంగుళాల రికార్డుపై ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. వీటి తయారీకి ముఖ్యమైన ముడిపదార్థం లక్క. ప్రపంచానికి అవసరమైన లక్కలో అధికభాగం అప్పట్లో భారతదేశం నుండే ఎగుమతయ్యేది. లక్కతో చేసిన రికార్డు పెళుసుగా ఉండి, చేయిజారితే పగిలిపోయేది. లోహపు ముల్లు రాపిడికి క్రమంగా అరిగిపోయేది.

రికార్డులు కనుమరుగు కావడానికి ముఖ్యమైన కారణాలు ఇవి:

మొదటిది, 1929లో ఆరంభమైన ఆర్థిక మాంద్యం. రికార్డుల కొనుగోళ్ళు పడిపోయి అనేక కంపెనీలు మూతపడ్డాయి. పారమౌంట్ 1932లో రికార్డింగులు నిలిపివేసింది. మాంద్యం రోజులలో విడుదలైన రికార్డుల ప్రతులు చాలా తక్కువ.

రెండవది, రెండవ ప్రపంచయుద్ధం. లక్క సరఫరాకు ఆటంకం కలగడంతో 1942 నుండి అమెరికా ప్రభుత్వం దాని వాడకంపై పరిమితులు విధించింది. పాత రికార్డులను సేకరించి, కరిగించి, కొత్త రికార్డులకు ఉపయోగించారు.

మూడవది, అభిరుచిలో వచ్చిన మార్పు. లక్షలాది నల్లజాతి ప్రజలు ఉత్తరాది నగరాలకు వలసపోయారు. అక్కడ విద్యుత్ గిటారుతో కూడిన కొత్త బ్లూస్ వచ్చింది. పల్లెపాట పాతబడిన వస్తువైంది.

పారమౌంట్ సంస్థ వద్దనున్న లోహపు అచ్చులు చాలావరకు మిగలలేదు. అందువలన ఈనాడు వినబడే ఆ పాటలు ఎవరి ఇంటిలోనో అరిగిన ప్రతి నుండి తిరిగి నమోదు చేసినవే. వాటిలో గరగర శబ్దం ఎక్కువగా ఉండడానికి కారణం ఇదే.

తొలి అన్వేషణలు

"జాజ్‌మెన్" అనే గ్రంథం 1939లో వెలువడింది. దాని రచన కోసం సమాచారం సేకరిస్తున్నవారు బంక్ జాన్సన్ అనే పాతతరం ట్రంపెట్ వాద్యకారుని లూసియానా రాష్ట్రంలోని న్యూ ఐబీరియాలో కనుగొన్నారు. పళ్ళు ఊడిపోవడం వలన ఆయన ట్రంపెట్ వాయించడం మానివేశాడు. కట్టుడు పళ్ళు పెట్టించుకొని మళ్ళీ సాధన చేసి 1942లో తన మొదటి రికార్డులు ఇచ్చాడు. తాను 1879లో జన్మించినట్లు ఆయన చెప్పుకొన్నాడు. తరువాతి పరిశోధకులు అది సుమారు పదేళ్ళు ఎక్కువచేసి చెప్పినదని భావించారు. కళాకారుని జ్ఞాపకాలు విలువైనవే అయినా, వాటిని ఇతర ఆధారాలతో సరిచూడాలన్న పాఠాన్ని ఈ ఉదంతం నేర్పింది.

1952లో హ్యారీ స్మిత్ తన వద్దనున్న పాత రికార్డుల నుండి 84 పాటలను ఎంచి "ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్" అనే సంకలనం రూపొందించాడు. ఫోక్‌వేస్ సంస్థ దానిని విడుదల చేసింది. 1959లో శామ్యూల్ చార్టర్స్ రచించిన "ది కంట్రీ బ్లూస్" వెలువడింది. వీటి ప్రభావంతో కళాశాల విద్యార్థులు, యువ సంగీతాభిమానులు పాత గాయకుల కోసం వెదకసాగారు.

పాటలే ఆనవాళ్ళు

గాయకుల చిరునామాలు కంపెనీల వద్ద లేవు. చాలామందికి ఒక్క ఛాయాచిత్రం కూడా లేదు. అందువలన అన్వేషకులు పాటలలోని ఊళ్ళ పేర్లనే ఆధారంగా తీసుకొన్నారు.

మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో ఓకే కంపెనీకి మెంఫిస్, న్యూయార్క్ నగరాలలో పాడాడు. అమ్మకాలు అంతంతమాత్రమే కావడంతో ఆయన స్వగ్రామానికి తిరిగివెళ్ళి పొలం పనులు చేసుకొంటూ జీవించాడు. న్యూయార్కులో రికార్డు చేసిన "అవలాన్ బ్లూస్" పాటలో ఆయన తన ఊరి పేరు చెప్పుకొన్నాడు. అప్పటి సాధారణ పటాలలో ఆ ఊరు కనబడలేదు. పాత అట్లాసులో దాని జాడ దొరికింది. 1963లో టామ్ హాస్కిన్స్ అవలాన్ చేరి, అక్కడి దుకాణంలో విచారించగా, హర్ట్ సమీపంలోనే నివసిస్తున్నట్లు తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు సుమారు 70 ఏళ్ళు, చేతిలో సొంత గిటారు కూడా లేదు. వచ్చిన వ్యక్తి తెచ్చిన గిటారుపైనే వాయించి చూపాడు. ముప్పై అయిదేళ్ళు గడిచినా ఆయన మృదువైన గొంతు, బొటనవ్రేలితో మంద్రస్వరాలను నిలిపి, తక్కిన వ్రేళ్ళతో పాట పలికించే నేర్పు చెక్కుచెదరలేదు. ఆ ఏడాది జూలైలోనే న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవంలో ఆయన వేలమంది శ్రోతల ఎదుట పాడాడు. 1966 నవంబరు 2న మరణించాడు.

బుకా వైట్ పాడిన ఒక పాటలో అబర్డీన్ పట్టణం పేరు ఉంది. దానిని ఆధారం చేసుకొని జాన్ ఫాహీ అనే గిటారు వాద్యకారుడు, "పాత బ్లూస్ గాయకుడు బుకా వైట్‌కు" అని అబర్డీన్ తపాలా కార్యాలయానికి ఉత్తరం వ్రాశాడు. ఆ ఉత్తరం చేతులు మారి, మెంఫిస్‌లో కర్మాగారంలో పనిచేస్తున్న వైట్‌కు చేరింది.

1964 జూన్ నెలలో రెండు ముఖ్యమైన సంఘటనలు జరిగాయి. ఫాహీ, ఆయన మిత్రులు స్కిప్ జేమ్స్‌ను మిసిసిపీలోని ట్యునికా ఆసుపత్రిలో రోగిగా కనుగొన్నారు. మరొక బృందం సన్ హౌస్‌ను దక్షిణాదిలో వెదకి, చివరకు న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్ నగరంలో కనుగొంది. సన్ హౌస్ ఏళ్ళతరబడి గిటారు ముట్టలేదు. ఆయన పాత రికార్డులను శ్రద్ధగా విని నేర్చుకొన్న అలన్ విల్సన్ అనే యువకుడు, ఆయన పాటలను తిరిగి ఆయనకే గుర్తుచేశాడు. అదే జూన్ నెలలో మిసిసిపీలో నల్లజాతివారి ఓటుహక్కు కోసం కృషిచేస్తున్న ముగ్గురు యువకులు హత్యకు గురయ్యారు. వృద్ధ గాయకులను ఉత్తరాది వేదికలు సత్కరిస్తున్న కాలంలోనే, వారి సొంత రాష్ట్రంలో వారి జాతికి ఓటు వేయడం ప్రాణాపాయంగా ఉండేది.

దొరకనివారు

రాబర్ట్ జాన్సన్ 1936, 1937 సంవత్సరాలలో 29 పాటలు రికార్డు చేశాడు. 1938లో న్యూయార్కు కార్నెగీ హాలు కచేరీకి ఆయనను ఆహ్వానించాలని నిర్వాహకుడు జాన్ హ్యామండ్ ప్రయత్నించాడు. ఆయన ఆ ఏడాది ఆగస్టు 16ననే మరణించాడని అప్పుడు తెలిసింది. కచేరీలో ఆయన రికార్డులను వినిపించారు. ఆయన మరణ ధ్రువపత్రాన్ని గేల్ డీన్ వార్డ్‌లో అనే పరిశోధకుడు 1968లో కనుగొన్నాడు.

గీషీ విలీ, ఎల్. వి. థామస్ అనే ఇద్దరు స్త్రీలు 1930 ప్రాంతంలో పారమౌంట్‌కు ఆరు పాటలు మాత్రమే రికార్డు చేశారు. వాటిలో "లాస్ట్ కైండ్ వర్డ్స్ బ్లూస్" చాలా ప్రసిద్ధం. వీరి జీవితాల గురించి దశాబ్దాల పాటు ఎవరికీ ఏమీ తెలియలేదు. మాక్ మెకార్మిక్ అనే పరిశోధకుడు 1961లో హ్యూస్టన్‌లో థామస్‌ను కలిసి మాట్లాడాడు గానీ ఆ సంభాషణను ప్రచురించలేదు. దాని ఆధారంగా జాన్ జెరెమయా సల్లివన్ వ్రాసిన వ్యాసం 2014లో వెలువడేనాటికి, థామస్ మరణించి 35 ఏళ్ళయింది.

విల్లీ బ్రౌన్ పారమౌంట్‌కు పాడిన ఒక రికార్డు ఈనాటికీ ఒక్క ప్రతి కూడా లభించలేదు.

విమర్శలు

ఈ అన్వేషణపై విమర్శలు కూడా కలవు. అన్వేషకులు దాదాపు అందరూ తెల్లజాతి యువకులు. గాయకులతో కుదుర్చుకొన్న కొన్ని ఒప్పందాలు, రాబడి పంపకం తరువాత వివాదాస్పదమయ్యాయి. అయితే మేలు కూడా జరిగింది. స్కిప్ జేమ్స్ పాట "ఐ యామ్ సో గ్లాడ్"ను క్రీమ్ బృందం 1966లో రికార్డు చేయగా, దానిపై వచ్చిన రాబడి ఆయన వైద్యానికి ఉపయోగపడింది.

సేకర్తలు అరుదైన రికార్డులకే విలువనిచ్చారన్నది మరొక విమర్శ. తమ కాలంలో అత్యధికంగా అమ్ముడుపోయిన బెస్సీ స్మిత్, మా రైనీ వంటి గాయనులకు తగిన స్థానం దక్కలేదు. 1937లో మరణించిన బెస్సీ స్మిత్ సమాధికి 1970 వరకు శిలాఫలకం కూడా లేదు. రాబర్ట్ జాన్సన్ తన కాలపు నల్లజాతి శ్రోతలకు అంతగా తెలిసినవాడు కాదని ఎలైజా వాల్డ్ 2004లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. అరుదుగా దొరకడం వేరు, ప్రజాదరణ వేరు అని విద్యార్థులు గమనించాలి.

విశేషాలు

1977లో ప్రయోగించిన వాయేజర్ అంతరిక్ష నౌకలలో భూలోకపు శబ్దాలతో కూడిన బంగారుపూత రికార్డును ఉంచారు. అందులో 1945లో పేదరికంలో మరణించిన అంధ గాయకుడు బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో ఇచ్చిన రికార్డు ఒకటి. హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా అదే రికార్డులో కలదు.

అమెరికాలో 2018లో వచ్చిన చట్టం ప్రకారం 1923 నుండి 1946 వరకు విడుదలైన రికార్డులకు హక్కుల పరిరక్షణ నూరేళ్ళు. ఆ గడువు తీరగానే అవి ఏటా జనవరి 1న ప్రజలందరి సొత్తు అవుతాయి. జాన్ హర్ట్ 1928లో విడుదల చేసిన రికార్డులకు 2029 జనవరి 1న ఆ స్వేచ్ఛ లభిస్తుంది.