యూపీఎస్ చూపే వంద శాతం

కరెంటు ఉన్నంతసేపూ తెర మీద బ్యాటరీ 100 శాతమే. కరెంటు పోగానే అంకె అరవైకి పడిపోతుంది, కాసేపటికి కంప్యూటరే ఆగిపోతుంది. 'నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్', పొట్టిగా 'నట్', అనే ఓపెన్ సోర్స్ (మూలకోడ్ అందరికీ అందుబాటులో ఉండే) సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇది తరచూ ఎదురవుతుంది. ముందు అనుమానం సాఫ్ట్‌వేర్ మీదికే పోతుంది. కానీ నట్ బ్యాటరీని స్వయంగా కొలవదు. యూపీఎస్ చెప్పింది చూపిస్తుంది, చెప్పనిది అంచనా కడుతుంది. మీ తెర మీది అంకె ఈ రెంటిలో ఏదో ముందు తేల్చుకోవాలి.

ఖరీదైన యూపీఎస్‌లు శాతాన్నీ, మిగిలిన నిమిషాలనూ తామే లెక్కించి పంపుతాయి. మెగాటెక్ అనే పాత ప్రొటోకాల్ (యంత్రాలు మాట్లాడుకునే పద్ధతి) వాడే చౌక రకాలు సాధారణంగా శాతం బదులు బ్యాటరీ వోల్టేజీ మాత్రమే చెబుతాయి. అప్పుడు నట్ 12 వోల్టుల బ్యాటరీకి 10.4 అంటే ఖాళీ, 13 అంటే నిండు అనుకుని, మధ్యలో శాతాలు పంచుతుంది. ఛార్జర్ మీదున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 13.6 దగ్గర ఉంటుంది కాబట్టి ఎప్పుడూ నూరే. లోడు పడగానే వోల్టేజీ 12కి దిగితే అదే లెక్కలో 61 శాతం. నిజానికి అప్పటికి ఖర్చయిన ఛార్జి చాలా తక్కువ.

ఇంకో చిక్కు ఇంతకంటే ముఖ్యమైనది. పూడిక పడిన చెరువు కూడా అలుగు దాకా నిండుతుంది, నీళ్లు మాత్రం తక్కువ. సామర్థ్యం సగం పోయిన బ్యాటరీ కూడా ఛార్జర్ మీద 13.6 వోల్టులే చూపుతుంది. అందుకే లోడు పెట్టి చూడక తప్పదు. కంప్యూటర్‌ను వేరే ప్లగ్గుకు మార్చి, అంతే వాట్ల బల్బులు యూపీఎస్‌కు తగిలించి, యూపీఎస్‌కు కరెంటిచ్చే స్విచ్ ఆపండి. లోడు పడ్డాక వోల్టేజీ ఎంత, యూపీఎస్ ఆగేటప్పటికి ఎంత, ఎన్ని నిమిషాలు నిలిచింది రాసుకోండి. తిరిగి పూర్తిగా ఛార్జ్ చేశాక, సగం లోడుతో ఇంకోసారి చూడండి. లోతుగా ఖాళీ చేయడం ఈ బ్యాటరీలకు హాని కాబట్టి పరీక్ష తరచూ వద్దు.

ఆ వోల్టేజీలనే నట్ సెట్టింగుల్లో ఖాళీ, నిండు హద్దులుగా ఇవ్వాలి. సమయానికి 'రన్‌టైమ్‌కాల్' అనే సెట్టింగు ఉంది. యూపీఎస్ పూర్తి లోడు మీద 4 నిమిషాలు, సగం లోడు మీద 12 నిమిషాలు వస్తే అందులో సెకన్లు, లోడు శాతం వరుసలో 240, 100, 720, 50 అని రాస్తారు. లోడు సగమైతే సమయం రెట్టింపు కంటే ఎక్కువ రావడం ఈ బ్యాటరీల స్వభావమే, కాబట్టి ఒక్క కొలతతో రెండోది ఊహించకూడదు.

శాతాన్ని తానే పంపే యూపీఎస్‌లో తప్పు సాధారణంగా దాని జ్ఞాపకంలోని పాత లెక్కలో ఉంటుంది. కొత్త బ్యాటరీ వేశాక, ఆ యూపీఎస్‌కు కాలిబ్రేషన్ (నిండు నుంచి ఖాళీ దాకా నడిపి లెక్క సరిచేయడం) సౌకర్యం ఉంటే దాన్ని వాడాలి.

కంప్యూటర్‌ను సురక్షితంగా ఆపమని నట్ సాధారణంగా చెప్పేది యూపీఎస్ 'బ్యాటరీ తక్కువ' అన్నప్పుడు. ఆ మాట ఆలస్యమైతే ఫైళ్లు పాడవుతాయి. 'ఇగ్నోర్‌ఎల్‌బీ' సెట్టింగు పెట్టి, తక్కువ హద్దును మీరే, ఉదాహరణకు 50 శాతం దగ్గర, నిర్ణయించవచ్చు. పరీక్షలో వచ్చిన సమయం కొత్తప్పటిలో సగమే అయితే మాత్రం ఏ సెట్టింగూ పనికిరాదు, బ్యాటరీ మార్చాల్సిందే.