గొట్టములోని వాయువునకు సాక్షి యెవరు?

శ్రీశైల జలాశయము నిండిననాడు దాని మట్టము 885 అడుగులు. ఈ అంకెను కర్నూలు, కడప జిల్లాల రైతు తన పొలము సర్వే నంబరువలె జ్ఞప్తియందుంచుకొనును. మట్టము 854 అడుగులకు దిగిపోయినచో పోతిరెడ్డిపాడు తూములగుండ కాలువకెక్కు నీరు సన్నగిల్లునని అతనికెవరును చెప్పనక్కరలేదు. దినదినమును పత్రికలలో ఆ మట్టమును చూచుకొని అతడు తన పంటను గూర్చియు, తన అప్పును గూర్చియు ఆలోచించుకొనును. 2014వ సంవత్సరపు పునర్విభజన చట్టము ననుసరించి యేర్పడిన కృష్ణానదీ యాజమాన్య మండలి, ప్రవాహమును తనంతట తానే కొలిచి తెలుపు టెలిమెట్రీ పరికరములను నెలకొల్పబూనినపుడు, ఆ పరికరము కాలువపై ఏ చోట నుండవలెనన్నదియే ఆంధ్ర తెలంగాణ రాష్ట్రముల నడుమ వివాదమైనది. దీనిని చూచి నవ్వవలసిన పనిలేదు. కొలమాని నిలుచు చోటు మారినచో లెక్క మారును. లెక్క మారినచో న్యాయము మారును.

అయినను నీరు కంటికి కనబడు వస్తువు. తూము వద్ద నిలిచి చూచిన పామరుడు సైతము నేడు నీరు హెచ్చినదో తగ్గినదో చెప్పగలడు. భూమిలో పాతిన ఉక్కుగొట్టమున పరుగెత్తు సహజవాయువు సంగతి అట్టిది కాదు. అది కనబడదు. దానిలో తేమ యెంత, బొగ్గుపులుసు వాయువెంత, అది లోగోడను తినివేయుచున్నదా లేదా యను విషయములను పైనున్న గ్రామస్థుడు తెలిసికొనలేడు; గొట్టమును నడపు సంస్థయు తెలిసికొనలేదు. గొట్టములోనికి చొప్పించిన యొక చిన్న లోహశలాకయే వారికి సాక్షి. దీనినే ఇంజనీర్లు ప్రోబు అందురు. మనము శోధనశలాక యనుకొందము. గోదావరీ తీరమున చిరకాలముగా నున్న ఈ గొట్టములు రాయలసీమకును వచ్చుచున్నవి. అనంతపురము, కడప జిల్లాలలో ఇండ్లకును వాహనములకును వాయువు నందించుటకు అనుమతులీయబడినవి. కావున ఈ చిన్నశలాకను గూర్చి మన పాఠకులు తెలిసికొనుట అప్రస్తుతము కాదని మా అభిప్రాయము.

కోనసీమలోని నగరము గ్రామమును ఆంధ్రులు మరువరాదు. 2014 జూన్ 27వ తేదీ వేకువజామున, అప్పటి తూర్పుగోదావరి జిల్లా మామిడికుదురు మండలములోని ఆ గ్రామమున, గెయిలు సంస్థవారి 18 అంగుళముల గొట్టమునుండి వెలువడిన వాయువు ఇండ్లను కమ్ముకొనియుండగా దానికి నిప్పు సోకినది. నిదురలో నున్నవారు నిదురలోనే అగ్నికాహుతియైరి. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లును, కొబ్బరితోటలును మసియైనవి. కేంద్రప్రభుత్వ విచారణలో తేలిన విషయము మిక్కిలి సామాన్యమైనది: ఆ గొట్టము పొడివాయువును తీసికొనిపోవుటకు ఉద్దేశింపబడినది, దానిలో తడివాయువు పంపబడుచుండెను, తేమను తొలగించు యంత్రసామగ్రి అచ్చట నెలకొల్పబడలేదు.

పొడిగా నున్న సహజవాయువు ఉక్కునకు హాని చేయదు. వాయువులో నీరును, బొగ్గుపులుసు వాయువును కలిసియున్నప్పుడే చిక్కు. ఆ రెండును కలిసి బలహీనమైన ఆమ్లమగును. సోడాబుడ్డిలోని పులుపు అదియే. మనుజుడు త్రాగగల ఆ పులుపే నీరు నిలుచు పల్లపు చోట్లలో ఏండ్ల తరబడి ఉక్కును కొరికి రంధ్రము చేయగలదు. గొట్టము వెలుపలికి కొత్తదివలె నుండగనే లోపల కాగితమువలె పలుచబడిపోవును. దీనిని ముందుగా చెప్పగలది కొలత యొక్కటియే.

ప్రవాహములో శలాకను ముంచి కొలుచుట కొత్తవిద్య కాదు. 1732లో హెన్రీ పీటో యను ఫ్రెంచి ఇంజనీరు పారిసు నగరమున సేన్ నదిలో వంచిన గాజుగొట్టమును ముంచి నీటి వేగమును కొలిచెను. నేటి విమానములు గాలిలో తమ వేగమును తెలిసికొనుట ఆయన పేరిటి గొట్టముతోడనే. కాని అధికపీడనమున నున్న వాయువునుండి నమూనాను తీయు శలాకను నిర్మించుటలో మూడు ధర్మసంకటములున్నవి.

మొదటిది, శలాక మొన ఎచ్చట నుండవలెను? గోడ వెంబడి నూనెయు, నీటిపొరయు, త్రుప్పుపొడియు ప్రాకుచుండును. అచ్చట తీసిన నమూనా గోడయొక్క నమూనాయే గాని వాయువుది కాదు. కావున మొనను గొట్టపు వ్యాసములో నడిమి మూడవభాగమున నుంచవలెనని ఇంజనీర్ల నియమము.

రెండవది, తీసిన వాయువు మారక యుండుటెట్లు? గొట్టములో అరువది వాతావరణముల పీడనమున నున్న వాయువును పరీక్షాయంత్రమునకు తగినట్లు ఒకటి రెండింటికి దించవలెను. పీడనము ఒక్కొక్క వాతావరణము తగ్గినకొలది సహజవాయువు సుమారు అర డిగ్రీ చల్లబడును. అనగా ఒక్క క్షణములో ఇరువదియైదు ముప్పది డిగ్రీల చలి. ఆ చలికి బరువైన భాగములు మంచుబిందువులవలె ద్రవించి మార్గమధ్యముననే నిలిచిపోవును. యంత్రమునకు చేరునది వేరొక వాయువు. వాయువును దాని యుష్ణశక్తిని బట్టి విక్రయింతురు గనుక, ఈ పొరపాటువలన కొనువాడో అమ్మువాడో దినదినమును నష్టపోవుచుండును. దీనికి విరుగుడుగా పీడనమును తగ్గించు కవాటమును శలాక మొనలోనే యమర్చి, గొట్టములోని వాయువుయొక్క వెచ్చదనమే దానిని కాపాడునట్లు చేయుదురు. యంత్రమునకు పోవు సన్ననాళమును కురుచగా నుంచి, దానిని వెచ్చగా కప్పియుంచుదురు.

మూడవది ప్రాణములకు సంబంధించినది. గాలికి తంతితీగలు మ్రోగుట మన మెరిగినదే. తీగకు ఇరువైపుల సుడులు ఒకదాని తరువాత నొకటి విడివడుచు దానిని ఊపుచుండును. శలాక సంగతియు నంతియే. పది మిల్లీమీటర్ల లావుగల శలాకను సెకనుకు ఇరువది మీటర్ల వేగముగల ప్రవాహములో నిలిపినచో సెకనుకు సుమారు 400 సుడులు విడివడును. శలాకకు సహజమైన కంపనసంఖ్యయు దీనికి దగ్గరగా నున్నయెడల ఊపు పెరిగి పెరిగి లోహము అలసి విరుగును. నిడివిని రెట్టింపు చేసినచో సహజకంపనము నాలుగవ వంతునకు పడిపోవును. అనగా నడిమికి అందవలెనన్న పొడవు కావలెను. విరుగకుండవలెనన్న కురుచదనము కావలెను.

ఇది పుస్తకములలోని భయము కాదు. జపానులోని మోంజు అణువిద్యుత్కేంద్రమున 1995 డిశెంబరు 8వ తేదీన, ద్రవసోడియము ప్రవహించు గొట్టములో ఉష్ణమాపకమునకు కవచముగా నున్న శలాక ఇట్లే ఊగి విరిగెను. సుమారు 640 కిలోల సోడియము బయటికి కారి మండెను. ఆ కేంద్రము 2010 వరకును మరల నడువలేదు. 2016లో దానిని మూసివేయుటకే నిర్ణయమైనది. వ్రేలెడు శలాక నిర్మాణములోని దోషము ఒక మహాకర్మాగారమును మూలబడవేసినది. అప్పటినుండి ప్రపంచమంతటను ఈ శలాకల లెక్కలను కఠినతరము చేసిరి.

ఈ మూడింటికంటె ముఖ్యమైన సంగతి యింకొకటి కలదు. పప్పుచారు గిన్నెలో గరిటెను పైపైన ముంచినవానికి తేట వచ్చును. అడుగున ముంచినవానికి పప్పు వచ్చును. ఇద్దరును ఒకే గిన్నెనుండి వడ్డించినవారే. వాయువు వెలకట్టుటకు గొట్టము నడుమ నుంచిన శలాక, తన ధర్మము ననుసరించి, ద్రవములను తప్పించుకొనునట్లే నిర్మింపబడియున్నది. అడుగున నీరు ప్రాకుచుండగనే అది తేటనమూనాను తెచ్చి యిచ్చును. అది అబద్ధమాడలేదు, మన మడిగిన ప్రశ్నకు మాత్రమే ఉత్తరము చెప్పినది. గొట్టమునకు క్షేమమా యని తెలిసికొనగోరువారు వేరొక శలాకను, నీరు నిలుచు పల్లములలో, గొట్టపు అడుగుభాగమున నుంచవలెను. పలుచని లోహపురేకుగల శలాక యొకటి యున్నది. రేకు త్రుప్పుచే తరుగుకొలది విద్యుత్తునకు దాని నిరోధము పెరుగును. ఆ పెరుగుదలయే గొట్టము ఎంత తినబడినదో చెప్పును. లోహపుబిళ్లను కొన్ని మాసములుంచి, తీసి, తూచి చూచుట మరియొక పద్ధతి. వీనిని లోగోడతో సమముగా నమర్చవలెను. గొట్టమును శుభ్రపరచుటకు లోపల నడిపించు పిగ్గు అను సాధనమునకు అడ్డుతగులరాదు గదా! నడిమికి చాచియుంచు శలాకలను సైతము పిగ్గు వచ్చునప్పుడు వెనుకకు లాగుకొను వీలుండవలెను.

శలాకను తప్పుచోట నుంచుటవలని కీడునకు విశాఖపట్టణమే నిదర్శనము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్సు కర్మాగారపు తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి పండ్రెండుగురు మరణించిరి. అది గొట్టము కాదు, తొట్టి, కాని పాఠమొక్కటియే. ఉష్ణోగ్రతను కొలుచు సాధనము తొట్టి అడుగున మాత్రమే యుండెననియు, పైపొరలలో వేడి పెరుగుచుండగా దానిని తెలుపు సాధనము లేకపోయెననియు రాష్ట్రప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము వ్రాసినది. అడుగున చల్లగా నున్నదని సాధనము చెప్పినమాట నిజమే. ఆ నిజమే జనులను మోసగించినది.

ప్రతి శలాకయు గొట్టమునకొక రంధ్రమనియు, రంధ్రములు హెచ్చినకొలది కారుటకు అవకాశములు హెచ్చుననియు సంస్థల ఇంజనీర్లు చెప్పుదురు. ఈ వాదమును మేము త్రోసివేయము. అది సత్యము. అందువలననే శలాకలు లెక్కకు మిక్కిలిగా నుండవలెనని మేము కోరము. ఉన్నవి తగినచోట నుండవలెనని కోరుచున్నాము. రంధ్రము చేయవీలులేని తావులలో వెలుపలినుండియే శబ్దతరంగములతో గోడమందమును కొలుచు సాధనములున్నవి. ఖర్చు హెచ్చునను మాటకు మాత్రము మాయొద్ద జవాబొక్కటియే: నగరము గ్రామస్థులు చెల్లించినదానికంటె అధికమగు ఖర్చేది?

మేము కోరునవి మూడు. వాయువు గొట్టములోనికి ప్రవేశించుచోట దాని తేమను ఎడతెగక కొలిచి, హద్దు మీరినయెడల ప్రవాహము తనంతట తానే నిలిచిపోవునట్లు కట్టుదిట్టము చేయవలెను. శలాక ఏ ప్రశ్నకు ఉత్తరముగా నెలకొల్పబడినదో, ఎచ్చట నెలకొల్పబడినదో సంస్థతో సంబంధములేని నిపుణులు ఏటేట తనిఖీచేయవలెను. 2006వ సంవత్సరపు చట్టముచే ఏర్పడిన పెట్రోలియము, సహజవాయు నియంత్రణ మండలి ఈ తనిఖీని తన బాధ్యతగా నెంచవలెను. కొలతలు గ్రామపంచాయతీ గోడమీద తెలుగులో, అందరికి తెలియు మాటలలో ప్రకటింపబడవలెను. 1946లో స్థాపింపబడిన అనంతపురము ఇంజనీరింగు కళాశాల వంటి విద్యాలయములు మనకున్నవి. ఈ శలాకలను లెక్కించి, నిర్మించి, పరీక్షింపగల యువకులును యువతులును రాయలసీమలో కొదువలేరు. మన నేలక్రింది గొట్టమునకు మన బిడ్డలే వైద్యులగుట సర్వవిధముల శ్రేయస్కరము.

శ్రీశైలము మట్టమెంతయో నేడు ప్రతి కాపును ఎరుగును. ఎరుగును గనుకనే అడుగగలడు. తన యింటిప్రక్క గొట్టములోని తేమ యెంతయో తెలిసికొను హక్కు కోనసీమ కూలికిని, కడప గృహిణికిని లేకుండుటకు కారణము మాకు కనబడదు. కొలత యొక్కటియే చాలదు. ఆ కొలత ప్రజల కన్నులయెదుట నుండవలెను. అట్లుండనినాడు సాక్షి యుండియు సాక్ష్యము లేనట్లే.